తవ్వించినవాడి పురాణం, తవ్వినవాళ్ళ చరిత్ర

1869 జులై 6న నికరాగ్వాలో ఒక చెరకు తోట యజమాని ఏటి వైపు బయల్దేరాడు. వయసు 56. మళ్ళీ ఇల్లు చేరలేదు. వెతకబోయినవాళ్ళకు ఏటి ఒడ్డున కట్టేసి ఉన్న ఆయన కంచరగాడిద కనిపించింది. నీళ్ళ మీదికి వాలిన చెట్టు కొమ్మ ఒకటి విరిగి ఉంది. ఆ ఏట్లో మొసళ్ళున్నాయి. మనిషి ఆనవాలు మాత్రం ఎక్కడా చిక్కలేదు. కొమ్మ పట్టుకుని దాటబోయి నీళ్ళలో పడ్డాడని, మొసలి లాక్కుపోయిందని ఇంటివాళ్ళు అనుకున్నారు. ఆ పోయినాయన పేరు అగోస్టన్ హరాస్తి. హంగరీలో పుట్టి, అమెరికా వలసవచ్చి, కాలిఫోర్నియాలోని సొనోమా ఊరి పక్కన 1857లో బ్యూనా విస్టా అనే వైన్ ఎస్టేట్ పెట్టినవాడు. అందమైన దృశ్యం అని ఆ స్పానిష్ పేరుకు అర్థం. కాలిఫోర్నియా చారిత్రక స్థలాల పట్టికలో ఆ ఎస్టేట్‌ది 392వ సంఖ్య. ‘కాలిఫోర్నియా ద్రాక్షసాగు పితామహుడు’ అన్నది హరాస్తి బిరుదు. మొసలి నోట పడిన పితామహుడంటే, ఇంతకు మించిన స్థలపురాణం ఇంకే ద్రాక్షతోటకుంటుంది?

స్థలపురాణం అన్న మాట తెలిసే వాడుతున్నాను. మన గుళ్ళకూ ఊళ్ళకూ అలాంటివి కొల్లలు. అయితే రెండు వందల ఏళ్ళ కిందట సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ళ సహచరులు ఊరూరా తిరిగి సేకరించిన గ్రామ చరిత్రల్లో, అంటే కైఫీయత్తుల్లో, పురాణం ఒక భాగం మాత్రమే. దేవుడు వెలసిన కథ రాసుకున్న కాగితాల్లోనే కరణాల దండకవిలెల లెక్కలూ చేరాయి. ఊరు ఎవరి ఏలుబడిలో ఉండేది, మాన్యాలు ఎవరివి, చెరువు ఎవరు తవ్వించారు అన్న వివరాలు కూడా వచ్చాయి. పురాణాన్ని వాళ్ళు కొట్టిపారేయలేదు, దానితో సరిపెట్టుకోనూ లేదు. ఆ కైఫీయత్తులకూ ఒక లోటుంది. తవ్వించినవాడి పేరు దొరుకుతుంది గానీ తవ్వినవాళ్ళ పేర్లు చాలాచోట్ల దొరకవు. మన భాషలో ఆ రెంటికీ నడుమ తేడా ఒక్క ‘ఇంచు’. పాత ఎస్టేట్ల చరిత్రలో తగాదా అంతా ఆ రెండక్షరాల దగ్గరే ఉంది. బ్యూనా విస్టా లాంటి చోట్లు ఇంతకాలం తవ్వించినవాడి పురాణం చెప్పుకుని బతికాయి. ఇకనైనా తవ్వినవాళ్ళ చరిత్ర చెప్పాలి. అలా చెబితే కథ చప్పబడుతుందన్న భయం అక్కర్లేదని, అసలు రంగులన్నీ రికార్డుల్లోనే ఉన్నాయని నా వాదన.

ముందుగా పురాణంలో అబద్ధమెంతో చూద్దాం. హరాస్తి ‘కౌంట్’ అని, ఆస్ట్రియా చక్రవర్తి అంగరక్షక దళంలో పనిచేశాడని, హంగరీ స్వాతంత్ర్యం కోసం నిలబడి ప్రాణభయంతో దేశం విడిచాడని చాలాకాలం రాస్తూ వచ్చారు. ఆయనది చిన్నపాటి కులీన కుటుంబం, అంతవరకు నిజం. కౌంట్ బిరుదు మాత్రం ఆయనకు లేదు. పారిపోయి వచ్చాడన్న కథను తేదీలే ఒప్పుకోవు. ఆయన అమెరికా చేరింది 1840లో, హంగరీ విప్లవం వచ్చింది 1848లో. పైగా 1842లో కుటుంబాన్ని తెచ్చుకోవడానికి తిరిగి హంగరీ వెళ్ళాడు. తల మీద వేటు వేలాడుతున్నవాడు రెండేళ్ళకే ఆ గడప తొక్కుతాడా? ఎవరూ తరమకుండానే కొత్త నేల వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఆయన. విస్కాన్సిన్‌లో ఒక ఊరికి పునాది వేశాడు. అమెరికా ప్రయాణాల మీద హంగేరియన్‌లో రెండు సంపుటాల పుస్తకం రాశాడు. 1849లో బళ్ళు కట్టుకుని పడమటికి నడిచి శాన్‌డియాగో చేరాడు, మరుసటేడు ఆ కౌంటీకి మొదటి షెరిఫ్‌గా ఎన్నికయ్యాడు. పదేళ్ళలో ఇన్ని అవతారాలెత్తినవాడికి కౌంట్ కిరీటం దేనికి?

పురాణంలో అన్నిటికన్నా గట్టి ఘట్టం జిన్‌ఫాండెల్ ద్రాక్షది. కాలిఫోర్నియా తన సొంత బిడ్డలా చూసుకునే నల్లద్రాక్ష రకం అది. దాన్ని హంగరీ నుంచి హరాస్తే తెప్పించాడని ఆయన కొడుకు అర్పాద్ 1880లలో ప్రచారం చేశాడు. అర్పాద్ సామాన్యుడు కాడు. ఫ్రాన్స్‌లోని ఎపర్నేలో షాంపేన్ తయారీ నేర్చుకొచ్చాడు, ఆ రోజుల్లో రాష్ట్ర ద్రాక్షసాగు కమిషనర్ల బోర్డుకు అధ్యక్షుడు. ఆయన మాటను ఎవరు కాదంటారు? దాదాపు వందేళ్ళపాటు పుస్తకాలన్నీ దాన్నే వల్లించాయి. ఆ తరవాత చార్ల్స్ సల్లివన్ అనే చరిత్రకారుడు పాత పత్రికలు, నర్సరీ కేటలాగులు, వ్యవసాయ ప్రదర్శనల నివేదికలు తిరగేశాడు. దొరికింది వేరే కథ. 1830లోనే న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో నర్సరీ నడిపిన విలియం ప్రిన్స్ తన పుస్తకంలో ఇంచుమించు అదే పేరున్న నల్లద్రాక్షను, హంగరీ రకమని చెబుతూ పేర్కొన్నాడు. అప్పటికి హరాస్తి వయసు 18, ఉన్నది హంగరీలో. తూర్పు రాష్ట్రాల ధనికుల గాజు ఇళ్ళలో తినే పండుగా పెరిగిన ఆ తీగ 1850లలో నర్సరీల వాళ్ళ చేతుల మీదుగా కాలిఫోర్నియా చేరింది. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం హరాస్తి మౌనం. యూరప్ నుంచి తెచ్చిన రకాలన్నిటినీ ఆయన 1862లో జాబితా వేశాడు. అందులో జిన్‌ఫాండెల్ లేదు.

ఆ తీగ పుట్టిల్లు ఏదో చివరికి డీఎన్‌ఏ పరీక్ష తేల్చింది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త కెరోల్ మెరెడిత్, జాగ్రెబ్ పరిశోధకులు ఇవాన్ పెయిచ్, ఎది మలేతిచ్ కలిసి క్రొయేషియా తీరమంతా గాలించారు. 2001 చివర స్ప్లిట్ నగరం దగ్గరి ఒక పాత తోటలో, అంతరించిపోయే దశలో ఉన్న స్థానిక ద్రాక్షతో దాని జన్యువులు సరిపోయాయి. క్రొయేషియా రైతుల నోట అది త్స్ర్‌ల్యెనాక్ కాష్టెలాన్‌స్కి. ఇటలీలో ప్రిమితివో అన్నదీ అదే. ఏడ్రియాటిక్ తీరం నుంచి గాజు ఇళ్ళలోకి, అక్కణ్ణుంచి బంగారం కోసం ఎగబడిన జనంతో కాలిఫోర్నియా కొండవాలులకు ఆ తీగ చేసిన ప్రయాణం ముందు ఒక దొరగారు మూటలో కట్టి తెచ్చాడన్న కథ ఏపాటిది? ఎన్నో చేతులు మారి వచ్చిన తీగను పురాణం ఒక్క చేతిలో పెట్టింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు పందిళ్ళ నిండా కాసిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష విషయంలోనూ అంతే. ఎవరు తెచ్చారన్నది చెప్పుకుంటాం. ఆ పందిళ్ళు వేసినవాళ్ళెవరో, కత్తిరింపుల అదను తెలిసినవాళ్ళెవరో చెప్పుకోం. ఇప్పుడా తోటలు కూడా చాలావరకు ప్లాట్లయిపోయాయి.

నిజం చెబితే రంగు వెలుస్తుందనేవాళ్ళకు శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల ఉదంతం చాలు. ద్రాక్షతోటకు ముందు హరాస్తి అక్కడ బంగారం కరిగించి శుద్ధిచేసే ఉద్యోగం చేశాడు. 1857లో లెక్కచూస్తే 1,51,550 డాలర్ల విలువైన బంగారం తగ్గింది. కాజేశాడని కేసు పెట్టారు. విచారణలో తేలిందేమిటంటే, రాత్రింబవళ్ళు మండిన కొలుముల వేడికి బంగారు రేణువులు పొగతోపాటు పొగగొట్టంలోంచి ఎగిరిపోయి చుట్టుపక్కల ఇళ్ళ కప్పుల మీద పడ్డాయి. నేరారోపణ కొట్టేశారు. సివిల్ దావా మాత్రం 1861 దాకా సాగింది, అందులోనూ ఆయన నిర్దోషిగానే బయటపడ్డాడు. ఇళ్ళ కప్పుల మీద బంగారం కురిసిన ఊరు ఏ కల్పనాకథలో ఉంది? ఇది కోర్టు కాగితాల్లో ఉన్న సంగతి. సొనోమాలో తోట లేచిందీ, ఆ తోట పేరు మోగిందీ ఈ కేసు నెత్తిన ఉన్న రోజుల్లోనే. తలపాగా సవరించుకుని నిలబడిన విగ్రహం కంటే, పగలు తీగలు నాటిస్తూ రాత్రి వకీళ్ళకు ఉత్తరాలు రాసుకునే మనిషే చదువరికి దగ్గరవుతాడు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. హరాస్తి వంశంలోనే పుట్టిన రచయిత బ్రయన్ మెక్‌గింటీ 1998లో ఆయన జీవితచరిత్ర ప్రచురించాడు. వంశంలో చెప్పుకునే కట్టుకథలు చాలావాటిని తనే తీసేశాడు. అయినా, ఒక్క జిన్‌ఫాండెల్ కథ పోయినంత మాత్రాన పితామహుడి స్థానం పోదని ఆయన పక్షం. ఆ మాటలో బలముంది. 1858లో హరాస్తి రాసిన సాగు నివేదికను రాష్ట్ర వ్యవసాయ సంఘం అచ్చువేసి పంచింది. నీళ్ళు పెట్టని వాలు నేలల్లోనే మంచి వైన్ ద్రాక్ష పండుతుందని ఆయన చెప్పి, చేసి చూపించాడు. ఓక్ పీపాలకు కరువున్నచోట రెడ్‌వుడ్ కలప వాడమన్నాడు. 1861లో యూరప్ దేశాలు తిరిగి 300కు పైగా రకాల ద్రాక్ష కొమ్మలు లక్షకు మించి తెచ్చాడు. ఖర్చు ఇవ్వమని అడిగితే శాసనసభ పైసా విదల్చలేదు. మరుసటేడు న్యూయార్క్‌లో అచ్చయిన ఆయన పుస్తకం ఈ పంట మీద దేశం దృష్టి పడేట్టు చేసింది. ఇదంతా ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకున్నాక మిగిలే ప్రశ్న ఒక్కటే. ఒక పెద్ద పంటకు ఒక్కరే తండ్రి ఎలా అవుతారు?

కాలేరు, ఎందుకంటే ఆయన కొనేనాటికే ఆ చోట చిన్న ద్రాక్షతోట ఉంది. సొనోమాలో 1823లో వెలసిన క్రైస్తవ మఠానికి ద్రాక్షతీగలుండేవి. తరవాత మరియానో వాయెహో అనే మెక్సికన్ సేనాని వాటిని పెంచి, ఆ వైన్‌తో బహుమతులు గెలిచాడు. 1863లో హరాస్తి కొడుకుల్లో ఇద్దరు ఆ వాయెహో కూతుళ్ళలో ఇద్దరిని ఒకేరోజు పెళ్ళాడారు. దక్షిణాన లాస్ ఏంజెలెస్‌లో జాన్-లూయీ విన్యే అనే ఫ్రెంచివాడు 1830లలోనే తన దేశపు తీగలు తెప్పించి నాటాడు. ఇంకా వెనక్కి వెళితే, 18వ శతాబ్దం చివర అలాంటి మఠాల తోటల్లో తొలి ద్రాక్ష తొక్కి రసం తీసింది అక్కడి మూలవాసులు. అమెరికా పాలన వచ్చాక 1850లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. మూలవాసుల రక్షణ దాని పేరులో ఉంది, వెట్టిచాకిరీ దాని పనిలో ఉంది. లాస్ ఏంజెలెస్ తోటల్లో వారమంతా చాకిరీ చేసినవాళ్ళకు కూలి బదులు బ్రాందీ పోసేవారు. తాగి పడిపోయారని ఆదివారం పట్టుకుని జైల్లో పెట్టేవారు. సోమవారం పొద్దున వాళ్ళ శ్రమను తోటల యజమానులకు వేలం వేసేవారు. వాళ్ళు చేసిన వైనే వాళ్ళను కట్టిపడేసింది. తాగుడు తాకట్టుగా చాకిరీ చేయించుకోవడం తెలియని దేశమేమీ కాదు మనది. వైన్ ఎస్టేట్ గొడవ తెలుగు పత్రికకెందుకని అడిగేవాళ్ళకు ఇదే జవాబు. విషయం మద్యం కాదు, భూమీ చెమటా.

హరాస్తి సొంత తోటలోనూ కొండను తవ్వింది ఎవరు? 1860ల తొలినాళ్ళలో కట్టిన రాతి కార్ఖానాల వెనక, కొండ కడుపులోకి పీపాలు నిలవచేసే సొరంగాలున్నాయి. వాటిని తొలిచింది శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గుత్త మీద తెచ్చిన చైనా కూలీలు. తీగలు నాటింది, పాదులు తీసింది, పళ్ళు కోసింది కూడా చాలావరకు వాళ్ళే. ఖండం అడ్డంగా పరిచిన రైలు పట్టాల కోసం చైనీయులు సియెర్రా కొండలు పగలగొడుతున్న కాలమది. సొనోమా కొండకు అప్పటికే వాళ్ళ గునపం రుచి తెలుసు. ఇరవై ఏళ్ళు గడిచాయి. పని తీరింది, కూలి మీద పోటీ పెరిగింది. 1882లో అమెరికా చట్టసభ చైనా కార్మికుల రాకనే నిషేధించింది. ఆ ఎస్టేట్‌లో హరాస్తి పేరుతో వైన్ ఉంది, ఆయన కౌంట్ అన్న అబద్ధపు హోదాకు సీసా మీద చోటుంది. గునపం పట్టినవాళ్ళ పేరుతో సీసా లేదు.

పురాణం మరో మేలు కూడా దాచింది, మరో కీడు కూడా దాచింది. కీడు సంగతి ముందు. 1863లో బ్యాంకర్ విలియం రాల్‌స్టన్ వంటివారి పెట్టుబడితో బ్యూనా విస్టా కంపెనీగా మారింది. తొందరగా తీగలు పెరగాలని హరాస్తి కొమ్మలను మట్టిలో వంచి నేలంట్లు తొక్కించి, సాళ్ళ మధ్య ఎడం లేకుండా నింపించాడు. ఖర్చు పెరిగింది, లాభం రాలేదు. కొద్దికాలానికే వాటాదారులు ఆయన్ను పక్కకు తప్పించారు. ద్రాక్ష వేళ్ళ రసం పీల్చి తోటలు ఎండగట్టే ఫిలోక్సెరా పురుగు కాలిఫోర్నియాలో మొదట గుర్తింపుకొచ్చింది 1873లో, ఆ సొనోమాలోనే. ఆ నేలంట్ల పద్ధతే పురుగుకు దారిచ్చిందని నిందించినవాళ్ళున్నారు, తప్పంతా ఆయనది కాదన్నవాళ్ళూ ఉన్నారు. ఇక మేలు సంగతి. దివాలా తీసిన ఎస్టేట్‌ను 1880 ప్రాంతంలో కొన్న జాన్సన్ దంపతులు అక్కడ పెద్ద భవనం కట్టారు. కేట్ జాన్సన్ అంటే అందరికీ గుర్తొచ్చేది పిల్లులు. వందల పిల్లులను పెంచిందని, వాటికి ఆస్తి రాసిందని కథలు. ఆమె కార్ల్ కాలర్ చేత వేయించిన 42 పిల్లుల తైలవర్ణ చిత్రం 2015 వేలంలో 8 లక్షల డాలర్లు దాటింది. అదే కేట్ 1893లో కన్నుమూస్తూ, పేద స్త్రీలకూ పిల్లలకూ ఆస్పత్రి కట్టమని ఆస్తి వదిలిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘మేరీస్ హెల్ప్’ ఆస్పత్రి ఆ డబ్బుతోనే లేచింది. పిల్లులు గుర్తున్నాయి, ఆస్పత్రి మరుగున పడింది. పురాణం ఏం మిగుల్చుకుంటుందో, ఏం జారవిడుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ఆ తరవాత 1906 భూకంపం సొరంగాలను దెబ్బతీసింది, 1920 నుంచి మద్యనిషేధం మిగిలినదాన్ని మూసింది. 1943లో ఆ నేలను వేలంలో పాడుకున్నది ఫ్రాంక్ బార్తలొమ్యూ. యునైటెడ్ ప్రెస్ వార్తాసంస్థలో పెద్ద పాత్రికేయుడు. తను కొన్న చోటుకు ఎంతటి కథ ఉందో తెలిశాక వార్త విలువ తెలిసిన మనిషి ఊరుకుంటాడా? తోటతోపాటు హరాస్తి పేరుకూ మళ్ళీ నీళ్ళు పోశాడు. 2011లో ఫ్రాన్స్‌కు చెందిన బ్వాసే కుటుంబ సంస్థ చేతికి వచ్చాక పాత రాతి కట్టడాలు బాగుపడ్డాయి, దొరగారి వేషం కట్టిన నటుడు కూడా అతిథులను పలకరించాడు. ఇందులో తప్పేముంది, కథలుంటేనే జనం వస్తారు, జనం వస్తేనే పాత గోడలు నిలుస్తాయి అనే వాదన తీసిపారేసేది కాదు. డబ్బు రాకపోతే కూలిపోయిన కోటలూ గడీలూ మనకెన్ని లేవు? అయితే ఆ వాదన కథ కావాలంటుంది, అబద్ధం కావాలని అనదు. బంగారం పొగ, ఏడ్రియాటిక్ తీగ, జంట పెళ్ళిళ్ళు, పిల్లుల పటం వెనక ఆస్పత్రి... ఇన్ని నిజాలు చేతిలో ఉన్న ఎస్టేట్ కల్పనను అరువు తెచ్చుకోవడం దరిద్రం కాదు, బద్ధకం.

కూలీల పేర్లే దొరకనప్పుడు ఏం చెప్పమంటారు అన్నది చివరి అభ్యంతరం. పేర్లు లేకపోవడమే చెప్పవలసిన మొదటి సంగతి. ఆనాటి జనాభా లెక్కల్లో ఎందరో చైనీయుల పేర్లు ‘ఆ’ అన్న అక్షరానికి ఒక ముక్క తగిలించి రాసినవే. అది పేరు కాదు, పిలుపు. రాసుకున్న గుమాస్తాకు అంతకుమించి అడిగే ఓపిక లేదు. ఆ కాగితం ముక్కనే అద్దంలో పెట్టి, దొరగారి తైలచిత్రం పక్కన వేలాడదీయవచ్చు. మఠం తోటల్లో పనిచేసిన మూలవాసులెవరో, వేలం సోమవారాల చట్టం ఏమిటో ఒక పలక మీద రాయవచ్చు. జిన్‌ఫాండెల్ గ్లాసు అందించేటప్పుడు క్రొయేషియా తోట పేరు చెప్పవచ్చు. వీటిలో ఏదీ హరాస్తిని గద్దె దింపదు. గద్దె పక్కన ఇంకొందరికి చోటిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సొనోమా సెలవురోజు చుట్టివచ్చే దూరమే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఆ లోయకు తీసుకువెళ్ళినప్పుడు గైడును అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇది తవ్వించింది ఎవరో చెప్పారు, మరి తవ్వింది ఎవరు?

ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడో గ్రంథాలయంలో వెతకనక్కర్లేదు. హరాస్తిని లాక్కుపోయిన మొసలిని చూసినవాళ్ళు లేరు. అయినా నూటయాభై ఏళ్ళుగా అందరూ దాన్ని నమ్ముతున్నారు. సొరంగం గోడ మీద గునపం దెబ్బల గాట్లు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. వేలు పెట్టి చూడవచ్చు.